భారతదేశంలో వింటేజి కార్లు

వింటేజి కారు అనగా తయారై అనేక దశాబ్దాలు గడచినా తన అసలు రూపాన్ని, యంత్ర భాగాలను నిలుపుకొని, చారిత్రక వస్తువుగా విలువ పొందిన మోటారు కారు. భారతదేశంలో పేరుపొందిన వింటేజి కార్లలో అధికభాగం 1947కు పూర్వం సంస్థానాధీశులు, జమీందారులు, బ్రిటిషు అధికారులు, పెద్ద వర్తకులు తెప్పించుకున్నవి. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటిన ద్విచక్ర వాహనాలు, నాలుగు చక్రాల వాహనాలు వింటేజి మోటారు వాహనాలుగా పరిగణించబడుచున్నవి.

వస్తువు ఎంత పాతదైతే అంత విలువైనదన్న సామాన్య అభిప్రాయం కార్ల విషయంలో పూర్తిగా సరికాదు. కారు విలువను నిర్ణయించేది వయసు కంటే ఎక్కువగా దాని గుర్తింపు. ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య, బాడీని నిర్మించిన సంస్థ, యజమానుల వరుస - ఈ నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోవలెను. ఇవన్నీ సరిపోయే కార్లు భారతదేశంలో తక్కువగా మిగిలినవి. అందుకు కారణాలు ఆ కార్లు ఈ దేశానికి వచ్చిన తీరులోను, ఇక్కడ వాడబడిన తీరులోను కనిపిస్తాయి.

నిర్వచనం

"వింటేజి" అనే మాట మొదట ద్రాక్షపంటకు, ఆ పంటతో చేసిన వైనుకు సంబంధించినది. కార్ల విషయంలో ఈ మాటకు స్థిరమైన అర్థం కల్పించినది బ్రిటనులో 1934లో ఏర్పడిన వింటేజి స్పోర్ట్స్ కార్ క్లబ్బు. 1930వ దశకంలో చౌకగా, భారీ సంఖ్యలో తయారవుతున్న కార్లలో పూర్వపు పనితనం లోపించినదని ఆ క్లబ్బు సభ్యుల అభిప్రాయం. అందువలన 1930 సంవత్సరాంతం హద్దుగా నిలిచినది. బ్రిటిషు పద్ధతిలో 1904 ముగిసేలోగా తయారైనవి వెటరన్ కార్లు, 1905 నుండి 1918 వరకు తయారైనవి ఎడ్వర్డియన్ కార్లు, 1919 నుండి 1930 వరకు తయారైనవి వింటేజి కార్లు. అమెరికాలో 1952లో ఏర్పడిన క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1915 - 1948 మధ్యకాలపు మేలురకం కార్లను మాత్రమే క్లాసిక్ కార్లుగా గుర్తిస్తుంది. 1966లో ఏర్పడిన పురాతన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య (ఫీవా) 30 సంవత్సరాలు నిండిన వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది.

ఈ తేడాల వలన కొన్ని విచిత్రాలు ఏర్పడుచున్నవి. 1928 నాటి ఫోర్డు కారు అన్ని లెక్కల ప్రకారమూ పాతదే. 1938 నాటి రోల్స్ రాయిస్ ఎంత ఘనమైనదైనా బ్రిటిషు లెక్కలో వింటేజి కాదు, భారతీయ చట్టం ప్రకారం అవుతుంది. 1970లో రిజిస్టరైన అంబాసిడరు కూడా ఇప్పుడు భారతదేశంలో చట్టరీత్యా వింటేజి వాహనమే. కనుక ఎవరైనా తమ కారు వింటేజి అని చెప్పినప్పుడు ఏ లెక్క ప్రకారం చెబుతున్నారో గమనించవలెను. అమ్మకపు ప్రకటనలలో ఈ మాటను చాలా ఉదారంగా వాడుతారు.

భారతదేశానికి కార్ల రాక

భారతదేశానికి మోటారు కార్లు 19వ శతాబ్దపు చివరి సంవత్సరాలలో వచ్చినవి. కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవులు వీటికి ముఖద్వారాలు. దక్షిణాదిలో మద్రాసుకు చెందిన అడిసన్, సింప్సన్ సంస్థలు కార్ల వ్యాపారంలో ముందుండినవి. అప్పటికే గుర్రపు బండ్ల నిర్మాణంలో పేరుపొందిన సింప్సన్ సంస్థ కార్లకు బాడీలు కూడా కట్టేది.

నేటివలె ఆనాడు ఖరీదైన కారు పూర్తి రూపంలో అమ్మబడేది కాదు. కొనుగోలుదారు రోల్స్ రాయిస్, డైమ్లర్ వంటి సంస్థల నుండి ఇంజను, చక్రాలు అమర్చిన ఛాసిస్‌ను మాత్రమే కొని, పైభాగాన్ని బార్కర్, హూపర్, థ్రప్ అండ్ మేబర్లీ వంటి బాడీ నిర్మాతల చేత తనకు నచ్చిన విధంగా కట్టించుకొనేవారు. అందువలననే సంస్థానాధీశుల కార్లు ఒకదానిని పోలి మరొకటి ఉండవు. దర్బారు ఊరేగింపునకు ఎత్తైన ఆసనం, వేటకు తుపాకులు పెట్టుకొనే అరలు, ఘోషా పాటించే స్త్రీల కొరకు తెరలు లేదా చీకటి అద్దాలు అమర్చబడేవి. ఈ వైవిధ్యం ఎంత దూరం పోయినదో చెప్పడానికి కలకత్తా హంస కారు మంచి ఉదాహరణ. 1910 ప్రాంతంలో అక్కడి ఆంగ్లేయుడు ఒకడు ఇంగ్లండులోని బ్రూక్ సంస్థ చేత హంస ఆకారంలో కారును చేయించుకున్నాడు. అది తరువాత నాభా సంస్థానానికి చేరినది. ప్రస్తుతం నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో లావ్‌మన్ ప్రదర్శనశాలలో ఉన్నది.

సంస్థానాధీశుల కార్ల గురించి కథలు కూడా అనేకం కలవు. లండను దుకాణంలో అవమానింపబడిన మహారాజు కోపంతో రోల్స్ రాయిస్ కార్లను కొని చెత్త మోయడానికి వాడించినాడన్నది వీటిలో అత్యంత ప్రసిద్ధమైనది. ఇదే కథను ఆల్వార్, భరత్‌పూర్, పాటియాలా, హైదరాబాదు పాలకులందరికీ అన్వయించి చెబుతారు. ఒకే సంఘటన నలుగురికి జరిగినట్లు చెప్పడమే దాని విశ్వసనీయతను తగ్గిస్తున్నది. దీనికి సమకాలీన ఆధారాలు చూపినవారు లేరు.

రాజుల కార్లకు లభించిన ప్రచారం వలన సామాన్యమైన కార్లు మరుగునపడినవి. ఫోర్డు సంస్థ 1926లో, జనరల్ మోటార్స్ 1928లో భారతదేశంలో కార్యకలాపాలు ప్రారంభించి, విడిభాగాలు తెచ్చి ఇక్కడ కార్లను బిగించడం మొదలుపెట్టినవి. వైద్యులు, న్యాయవాదులు, మిల్లు యజమానులు కొన్నవి ఈ ఫోర్డు, షెవ్రొలే కార్లు, బ్రిటను నుండి వచ్చిన ఆస్టిన్, మోరిస్ కార్లు. సామాన్యుడు సేకరించగలిగినవి కూడా ఇవే.

కార్లు తగ్గిపోవడానికి కారణాలు

స్వాతంత్ర్యం తరువాత రెండు ప్రభుత్వ నిర్ణయాలు పాత కార్ల భవిష్యత్తును మార్చినవి. మొదటిది 1953 నాటి మోటారు పరిశ్రమ విధానం. దేశంలో తయారీ చేపట్టకుండా కేవలం బిగింపు మాత్రమే చేసే విదేశీ సంస్థలకు ఇక్కడ స్థానం లేకపోయినది. ఫోర్డు, జనరల్ మోటార్స్ నిష్క్రమించినవి. హిందుస్తాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ వంటి కొద్ది సంస్థలు మాత్రమే మిగిలినవి. విదేశీ కార్ల విడిభాగాలు దొరకడం కష్టమైనది.

దీని ఫలితం ప్రతి ఊరి మోటారు షెడ్డులోను కనిపించినది. ఇంజను పాడైన ప్యాకార్డుకో, బ్యూక్‌కో మరొక ఇంజను తెప్పించే మార్గం లేక అందుబాటులో ఉన్న అంబాసిడరు ఇంజనునో, పెట్రోలు ఖర్చు తగ్గించేందుకు డీజిల్ ఇంజనునో అమర్చినారు. గేరుబాక్సు ఒక కారుది, స్టీరింగు మరొక కారుది, బ్రేకులు జీపువి. ఈ మెకానిక్కులను తప్పుపట్టడం న్యాయం కాదు. వారి చేతిలో లేతు యంత్రం, పాత ఇనుము తప్ప మరేమీ లేని కాలంలో కారును నడిచేట్టు ఉంచినది వారే. అయితే ఈనాటి సేకర్త దృష్టిలో అదే కారు సగం విలువ కోల్పోయినట్లు లెక్క.

రెండవది రాజభరణాల రద్దు. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ద్వారా మాజీ సంస్థానాధీశులకు చెల్లించే భరణాలు నిలిచిపోయినవి. పదుల సంఖ్యలో కార్లను, డ్రైవర్లను, మెకానిక్కులను పోషించడం రాజకుటుంబాలకు భారమైనది. అమ్మకాలు అంతకుముందే మొదలైనవి; 1960లలో విదేశీ సేకర్తలు భారతదేశానికి వచ్చి కార్లను కొనుక్కొని పోయినారు. 1934లో రాజ్‌కోట్ ఠాకూర్ సాహెబ్ కొరకు థ్రప్ అండ్ మేబర్లీ బాడీతో నిర్మించిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ 2 కారు - దీనికి "స్టార్ ఆఫ్ ఇండియా" అని పేరు - 1968లో దేశం దాటిపోయినది. నాలుగు దశాబ్దాల తరువాత అదే రాజకుటుంబం దానిని తిరిగి కొని రాజ్‌కోట్‌కు తెచ్చుకున్నది. ఇట్లు తిరిగి వచ్చినవి చాలా అరుదు. 1970లలో ప్రభుత్వం పాత కార్ల ఎగుమతిపై ఆంక్షలు విధించిన తరువాత ఈ తరలింపు తగ్గినది. విదేశాలకు పోని కార్లలో ఎన్నో పాత ఇనుముగా తూకానికి అమ్ముడైనవి.

కార్లను వెదకడం

ఐరోపాలో ఏళ్ళ తరబడి మూతపడిన కొట్టాలలో కార్లు బయటపడడం ప్రసిద్ధ విషయం. ఫ్రాన్సులో ఒక కుటుంబపు ఆవరణలో రేకుల పాకల కింద దశాబ్దాలపాటు ఉండిపోయిన 60 కార్ల బాయ్యోన్ సేకరణ 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలానికి వచ్చినది. అందులో పాత పత్రికల గుట్టల కింద దొరికిన ఒక ఫెరారీ 1 కోటి 60 లక్షల యూరోలకు పైగా పలికినది. ఇంగ్లండులో ఒక వైద్యుని గ్యారేజీలో నిలిచిపోయిన 1937 నాటి బుగాటి టైప్ 57ఎస్ కారు 2009లో సుమారు 34 లక్షల యూరోలకు అమ్ముడుపోయినది.

భారతదేశంలో కార్లు దొరికే చోట్లు వేరు. పాత బంగళాల వెనుక షెడ్లు, మూతపడిన మిల్లుల ఆవరణలు, తేయాకు తోటలు, జమీందారీ కోటల గుర్రపుశాలలు, పాత సినిమా స్టూడియోలు వీటిలో ముఖ్యమైనవి. ఇక్కడి వాతావరణం కార్లకు అనుకూలం కాదు. సముద్రతీరంలో ఉప్పుగాలి రేకును తింటుంది. బాడీ లోపలి చట్రం ఆనాడు తరచుగా కొయ్యతో చేసేవారు కనుక చెదలు మరొక ప్రమాదం. పైకి చక్కగా కనిపించే తలుపు తెరవగానే ఊడి చేతికి రావచ్చును. రాజస్థాన్ వంటి పొడి ప్రాంతాలలో రేకు నిలుస్తుంది గాని ఎండకు తోలు, రబ్బరు, రంగు చెడుతాయి.

కారు దొరకడం కంటే దాని హక్కు తేల్చడం కష్టమని కొన్నవారు చెబుతారు. రిజిస్ట్రేషను పత్రం ఎప్పుడో మరణించిన తాతగారి పేరున ఉంటుంది. వారసులు నలుగురు ఉంటే, ఒకరు అమ్మినంత మాత్రాన అది చెల్లదు. యజమాని మరణించినప్పుడు వారసుని పేరున మార్పు కొరకు ఫారం 31, ఆ తరువాత అమ్మకానికి ఫారం 29, ఫారం 30 దాఖలు చేయవలెను. వేరే రాష్ట్రానికి తీసుకుపోవాలంటే పాత రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావలెను. 1960లలో రిజిస్టరైన కారు వివరాలు ఆ కార్యాలయపు పాత దస్త్రాలలో దొరకకపోతే కథ అక్కడే ఆగుతుంది. అసలు పత్రాలు ఏవీ లేని కారును తక్కువ ధరకు వస్తున్నదని కొనడం, రోడ్డుపైకి తీసుకురాలేని ఇనుమును కొనడంతో సమానం.

గుర్తింపు, అసలుతనం

కారును పరీక్షించేటప్పుడు మొదట చూడవలసినది రంగు, మెరుపు కాదు, సంఖ్యలు. ఛాసిస్ సంఖ్య సాధారణంగా చట్రంపై చెక్కబడి, ఇంజను గదిలోని పలకపై కూడా ఉంటుంది. ఇంజను సంఖ్య ఇంజను దిమ్మెపై ఉంటుంది. ఫోర్డు మోడల్ టి వంటి కొన్ని కార్లలో ఇంజను సంఖ్యే కారు సంఖ్య. ఈ సంఖ్యలను రిజిస్ట్రేషను పత్రంతో పోల్చిన తరువాత తయారీదారు రికార్డుతో పోల్చవలెను. రోల్స్ రాయిస్ కార్ల విషయంలో ఇది సులభం. ఇంగ్లండులో 1957లో ఏర్పడిన రోల్స్ రాయిస్ ఎంతూసియాస్ట్స్ క్లబ్బు ఆ సంస్థ పాత రికార్డులను భద్రపరచినది. ఏ ఛాసిస్ ఎప్పుడు, ఎవరి కొరకు తయారైనదో, బాడీ ఎవరు కట్టినారో అందులో తెలుస్తుంది. పలక మార్చి, చెరిపి, తిరిగి కొట్టి ఒక కారును మరొక కారుగా చూపడం అన్ని దేశాలలోను జరిగిన మోసమే. భారతదేశంలో దీనికి తోడు "మహారాజావారి కారు" అన్న మాట ఒకటి ఉన్నది. ఫొటో, బిల్లు, దస్త్రం వంటి రుజువు లేనిదే ఆ మాటకు ధర కట్టరాదు.

అసలుతనం అంటే ఏమిటన్న ప్రశ్న న్యాయస్థానం దాకా కూడా వెళ్ళినది. "ఓల్డ్ నంబర్ వన్" అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 1929, 1930 సంవత్సరాలలో ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచినది. తరువాత పందేల కొరకు దానిని పలుమార్లు మార్చినారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో జరిగిన ప్రమాదంలో దాని చోదకుడు మరణించినాడు. ఆ తరువాత దానిని తిరిగి నిర్మించి కొత్త బాడీ అమర్చినారు. దశాబ్దాల తరువాత కారు అమ్మకానికి రాగా, 1929 నాటి భాగాలు దాదాపు ఏవీ లేవు కనుక ఇది ఆ కారు కాదని కొనుగోలుదారు వాదించినాడు. 1990లో లండను హైకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. భాగాలు మారినా మధ్యలో తెగిపోకుండా ఒకే కారుగా దాని చరిత్ర కొనసాగినది కనుక అది "ఓల్డ్ నంబర్ వన్" అనబడడానికి తగినదే అని తీర్పు వచ్చినది. భారతదేశంలో ఇంజను మారిన కార్లకు ఈ తీర్పు కొంత ఊరట అనిపించవచ్చు గాని, ఇక్కడ లోపించేది తరచుగా ఆ కొనసాగింపును చూపే పత్రాలే.

పునరుద్ధరణ

పాత కారును తిరిగి పూర్వస్థితికి తేవడాన్ని పునరుద్ధరణ అంటారు. పూర్తి పునరుద్ధరణలో బాడీని ఛాసిస్ నుండి వేరు చేసి, ప్రతి భాగాన్ని విప్పి, శుభ్రపరచి, అవసరమైనవి తిరిగి తయారుచేసి బిగిస్తారు. ఇంజను బేరింగులకు ఆనాడు వైట్ మెటల్ అనే మెత్తని మిశ్రలోహాన్ని పోతపోసేవారు. ఈ పని తెలిసినవారు నేడు కొద్దిమందే. రేకును సుత్తితో మలచే డెంటింగ్ పనివారు, వడ్రంగులు, సీట్లు కుట్టేవారు, నికెల్ పూత వేసేవారు అందరూ అవసరమే. భారతదేశంలో చేతిపని వారు దొరకడం వలన విదేశాలతో పోలిస్తే ఈ పని తక్కువ ఖర్చుతో సాగుతుంది, కాని సంవత్సరాలు పడుతుంది. విప్పిన కారును బిగించకముందే ఉత్సాహం, డబ్బు అయిపోవడం వలన పెట్టెలలో ముక్కలుగా చేతులు మారే కార్లు ఎన్నో కలవు. అటువంటి కారును కొనేవారు ఏ ముక్క లోపించినదో తెలుసుకొనే సరికి చాలా ఆలస్యమవుతుంది.

ఎంతవరకు పునరుద్ధరించవలెనన్న విషయంలో గత రెండు మూడు దశాబ్దాలలో దృక్పథం మారినది. పూర్వం కొత్తదానికంటే కొత్తగా మెరిపించడం గొప్పగా భావింపబడేది. ఫీవా సంస్థ 2012లో ఆమోదించిన ట్యూరిన్ శాసనపత్రం ఉన్నదానిని ఉన్నట్లు కాపాడడానికే ప్రాధాన్యం ఇచ్చినది. మార్చక తప్పనిచోట మార్పును నమోదు చేయవలెనని సూచించినది. అసలు రంగు, అసలు తోలు వాడిపోయినా అవి సాక్ష్యాలు. ఒకసారి గీకివేసిన రంగు తిరిగి రాదు. భారతీయ పునరుద్ధరణలలో తరచుగా కనిపించే లోపం అతి అలంకరణ: ఆనాడు నికెల్ పూత ఉండినచోట క్రోమియం, సాదా రంగు ఉండినచోట తళుకు రంగు, బంగారు గీతలు చేర్చుతారు. ఇవి పెళ్ళి ఊరేగింపులో బాగుంటాయి గాని నిర్ణేతల ముందు మార్కులు పోగొడతాయి.

నిర్వహణ

వింటేజి కారును నిలిపి ఉంచడం కంటే అప్పుడప్పుడు నడపడమే దానికి మేలు. కదలని కారులో పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు మూసుకుపోతుంది, బ్రేకులు పట్టుకుంటాయి, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి. భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుండి సీసం కలిపిన పెట్రోలు నిలిపివేయబడినది. దీని ప్రభావం చాలామంది అనుకున్నట్లు అతి పాత కార్లపై కాక 1950 - 60ల కార్లపై ఎక్కువ. ఎందుకంటే సీసం కలపడం అమెరికాలో 1923లో మొదలైనది, అంతకుముందటి ఇంజన్లు సీసం లేని ఇంధనానికే తయారైనవి. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వ్యాపించడం ఇంకా పెద్ద సమస్య. ఇథనాలు పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరచి, నీటిని పీల్చుకొని టాంకులో తుప్పు కలిగిస్తుంది. ఇథనాలును తట్టుకొనే గొట్టాలు అమర్చుకొనడం, ప్రదర్శన ముగిసిన తరువాత టాంకు ఖాళీ చేయడం వాడుకలో ఉన్న జాగ్రత్తలు.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారికి ప్రసిద్ధమైన కారు కంటే విడిభాగాలు దొరికే కారు మంచిది. ఫోర్డు మోడల్ టి 1908 - 1927 మధ్య ఒకటిన్నర కోట్ల సంఖ్యలో తయారైనది. దాని భాగాలు అమెరికాలో ఇప్పటికీ కొత్తగా తయారవుచున్నవి. ఆస్టిన్ సెవెన్, ఫోర్డు మోడల్ ఎ కూడా అట్టివే. ఒకే ఒక్కటి మిగిలిన అరుదైన కారుకు పగిలిన హెడ్‌లైటు అద్దం దొరకడానికి ఏళ్ళు పట్టవచ్చును.

కొనుగోలు, అమ్మకం

ఐరోపా, అమెరికాలలో ధరలు బహిరంగ వేలాలలో తేలుతాయి. 2022 మే నెలలో 1955 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హాట్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడై అంతకుముందటి రికార్డులను చాలా వెనుకకు నెట్టినది. భారతదేశంలో అమ్మకాలు ఎక్కువగా తెలిసినవారి మధ్య, నోటి మాట మీద సాగుతాయి. ముంబయికి చెందిన అస్టగురు వంటి వేలం సంస్థలు ఇటీవలి కాలంలో కార్ల వేలాలు నిర్వహించినా, ఒక కారుకు న్యాయమైన ధర ఎంత అన్నది బయటివారికి తెలియడం కష్టం. మధ్యవర్తుల ప్రాముఖ్యం ఇందువలననే కలిగినది. మధ్యవర్తి చెప్పిన ధరను నమ్మే ముందు అదే మోడలుకు విదేశీ వేలాలలో వచ్చిన ధరను చూడవచ్చును గాని, ఎగుమతికి ప్రభుత్వ అనుమతి అవసరం కనుక ఆ ధర ఇక్కడ నేరుగా వర్తించదు. లాభం కొరకు కొన్నవారు కొనుగోలు ధరకు పునరుద్ధరణ ఖర్చు, షెడ్డు, భీమా కలిపి లెక్క చూసినప్పుడు మిగిలేది తరచుగా స్వల్పం. ఘనమైన రాజవంశపు చరిత్ర, రుజువులు ఉన్న కొద్ది కార్లు ఇందుకు మినహాయింపు.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి పునరుద్ధరించుకోవలెను. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ పరిసరాలలో 10 సంవత్సరాలు దాటిన డీజిల్ వాహనాలను, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు వాహనాలను నిషేధించడం, 2018లో సుప్రీం కోర్టు దానిని సమర్థించడం, 2021లో పాత వాహనాలను తుక్కుగా మార్చే విధానం రావడంతో సేకర్తలలో ఆందోళన కలిగినది. చట్టం దృష్టిలో 1930 నాటి కారు, 1999 నాటి పొగచిమ్మే కారు ఒకటే అయినవి.

2021 జూలైలో వెలువడిన కేంద్ర మోటారు వాహనాల సవరణ నిబంధనలు ఈ రెంటినీ వేరుచేసినవి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేని, 50 సంవత్సరాలు దాటిన వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చును. పాత రిజిస్ట్రేషను ఉన్న వాహనం తన పాత సంఖ్యను నిలుపుకోవచ్చును. కొత్తగా నమోదయ్యేవాటికి రాష్ట్ర సంకేతం తరువాత "విఏ" అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు; నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది. ఇట్లు నమోదైన వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకొనేందుకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డుపైకి తేవచ్చును. నిత్యం తిరగడానికి, వ్యాపారానికి వాడరాదు. అమ్మకం, కొనుగోలు అనుమతింపబడినవి. 2022లో ఇట్టి వాహనాల థర్డ్ పార్టీ భీమా ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఇవ్వబడినది.

ఈ నిబంధనలలో చిక్కు "గణనీయమైన మార్పు" అన్న మాటలోనే ఉన్నది. విడిభాగాలు దొరకని కాలంలో ఇంజను మార్చుకొని బతికిన కారు ఈ గీతకు అవతల పడవచ్చును. దానిని వింటేజిగా నమోదు చేయించాలంటే అసలు ఇంజనును వెదకి తిరిగి అమర్చక తప్పదు.

ప్రదర్శనలు, ప్రదర్శనశాలలు

స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో 1964లో ప్రారంభించిన ర్యాలీ దేశంలో దీర్ఘకాలంగా సాగినవాటిలో ప్రసిద్ధమైనది. ముంబయిలోని వింటేజి అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా పేరుపొందిన క్లబ్బు. అహమ్మదాబాదు సమీపంలో కఠ్వాడలోని ఆటోవరల్డ్, ఉదయపూర్‌లో మహారాణా కుటుంబపు ప్రదర్శనశాల, గోండల్ రాజకుటుంబపు సేకరణ, హర్యానాలోని తావడూలో 2013లో ప్రారంభమైన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం, కోయంబత్తూరులో జి.డి. నాయుడు ట్రస్టు వారి జీడీ కార్ మ్యూజియం చూడదగినవి.

తెలుగు ప్రాంతాలలో

తెలుగు ప్రాంతాలలో కార్ల సంపద హైదరాబాదులో కేంద్రీకృతమైనది. 2017లో కార్టియర్ సంస్థ నిర్వహించిన కార్ల పోటీ ప్రదర్శన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగినది. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం వేరు కోవకు చెందినది. అక్కడ ప్రధాన ఆకర్షణ వింటేజి కార్లు కాక బ్యాటు, బూటు, పుస్తకం వంటి ఆకారాలలో చేతితో చేసిన నడిచే కార్లు.

నిజాం కార్లలో అత్యంత విశిష్టమైనది చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. దీనిని తెప్పించదలచినవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టు 29న ఆయన మరణించినాడు. కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చినది. లండనులోని బార్కర్ సంస్థ కట్టిన దీని బాడీలో వెనుకభాగాన సింహాసనం వంటి ఎత్తైన ఆసనం ఉండడం వలన దీనికి సింహాసన కారు అని పేరు వచ్చినది. ఉత్సవాలకే పరిమితమై చాలా తక్కువ దూరం నడచినది. 1967లో ఏడవ నిజాం మరణానంతరం ఆయన ఆస్తులపై వారసుల వివాదాలు సాగిన కాలంలో ఇది కదలక ఉండిపోయినది. తరువాత నిజాం కుటుంబం దీనిని పునరుద్ధరింపజేసినది. ఇంజను, ఛాసిస్, బాడీ మూడూ తొలినాటివే కావడం, మొదటినుండి ఒకే కుటుంబం చేతిలో ఉండడం వలన భారతదేశంలో మిగిలిన సిల్వర్ ఘోస్ట్ కార్లలో దీనికి ప్రత్యేక స్థానం కలదు. 2005లో సందర్శకులకు తెరచిన చౌమహల్లా ప్యాలెస్ ఆవరణలో దీనిని అద్దాల గదిలో చూడవచ్చును.